ఎర్రంశెట్టివారా, యర్రంశెట్టివారా?

సందేహం: మా ఇంటిపేరు తాతగారి దస్తావేజులో ‘ఎఱ్ఱంశెట్టి’, నాన్నగారి స్కూలు సర్టిఫికెట్లో ‘యర్రంశెట్టి’, నా ఆధార్‌లో ‘ఎర్రామ్‌సెట్టి’ అని ఉంది. ఏది సరైనది? విశాఖ హార్బరు కట్టే రోజుల్లో ముత్తాతగారు చీపురుపల్లి వైపు నుంచి పనికి వచ్చారట. అక్కడి పాత కాగితాల్లో ఇంకో రకం అక్షరాలతో కనిపించేవాళ్లు మావాళ్లేనా? – ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: మూడూ ఒకే పేరు. కాకపోతే మూడోది ఎవరి నోటా పలికింది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో హ్రస్వమో దీర్ఘమో తెలియదు, స కి శ కి తేడా ఉండదు. ఆ రాతను కంప్యూటరు మళ్లీ తెలుగులోకి తిప్పితే ఇలాంటివే పుడతాయి. దాన్ని పక్కన పెట్టండి.

మిగిలిన రెండింటికీ కారణాలున్నాయి. ఎరుపుకు పూర్వం బండి ఱ రాసేవారు. పలుకులో ర, ఱ ఎప్పుడో కలిసిపోయినా రాతలో ఎవరి అలవాటు వారిది. భారతంలో అరణ్యపర్వశేషం పూరించిన మహాకవినే ఎఱ్ఱన, ఎర్రన, ఎఱ్ఱాప్రగడ అని రకరకాలుగా రాస్తున్నాం, మీ తాతగారెంత! ఇక యకారం సంగతి. మాట మొదటి ఎకారానికి ముందు మన నోట ‘య’ ఛాయ వస్తుంది, ఏలూరును యేలూరు అన్నట్టు. ‘యె’, ‘య’ కూడా పలుకులో దగ్గర దగ్గరే. యముణ్ణి యెముడు అనేవాళ్లు ఎందరు లేరు? తెలుగు మాటలకు మొదట యకారం లేదని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. ఆ లెక్కన ‘ఎర్రంశెట్టి’ ఒప్పు. కానీ కరణాలకూ బడిపంతుళ్లకూ చెవిన పడిందే ప్రమాణం. సంతకం రాక నిశానీ వేసిన రైతు ఇంటిపేరు ఎలా ఉండాలో దస్తావేజు రాసే దస్తూరీదారే తేల్చేవాడు. ఒకే దస్తావేజులో పైన ఎకారం, కింద సాక్షి సంతకంలో యకారం ఉన్నా ఆశ్చర్యపోకండి.

కాబట్టి వెతికేటప్పుడు ఎ, యె, య మూడింటి కిందా చూడండి. ఇంగ్లీషు జాబితాల్లో అయితే ఈ (E), వై (Y) రెండక్షరాల కిందా చూడాలి.

అయితే అక్షరాలు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది. పైగా మన ఉత్తరాంధ్రలో తాత పేరు మనవడికి పెట్టడం రివాజు. ఊరికి నలుగురు అప్పలస్వాములుంటారు, వాళ్లలో ఒకడు కాగితం మీద అప్పన్న అవుతాడు. తండ్రి పేరు కలిసిందా చూడండి. అంతకంటే గట్టి ఆధారం చెక్కుబందీ, అంటే దస్తావేజులో భూమికి నాలుగు వైపులా రాసే హద్దులు. అన్నదమ్ములు పంచుకున్న భూమిలో ఒకరి హద్దు ఇంకొకరి వాటాయే అవుతుంది గనక, ‘తూర్పు: యర్రంశెట్టి సన్యాసి భూమి’ అన్న ఒక్క పంక్తి మీ ముత్తాత తమ్ముణ్ణి పట్టివ్వొచ్చు. వయసుల్ని మాత్రం నమ్మకండి. దస్తావేజులో ‘సుమారు’ అనే రాసేవారు, బడిలో పంతులుగారు తోచిన తేదీ వేసేవారు.

మీరు జిల్లా పేరు దగ్గర కూడా తడబడే ప్రమాదం ఉంది. హార్బరు 1933లో తెరిచారు. అప్పటికి చీపురుపల్లి విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. మీవాళ్లు గడప దాటకపోయినా వాళ్ల కాగితాల మీద మూడు జిల్లాల పేర్లుంటాయి. వేర్వేరు జిల్లాలు కదా, వీళ్లు వాళ్లు కారేమో అని వదిలేయకండి.

ఇక ఆధార్ మాట. వ్యాకరణం కోసమని ‘ఎర్రంశెట్టి’ అని దిద్దించుకోనక్కర్లేదు. మీ పదో తరగతి సర్టిఫికెట్లో ఏ రూపం ఉందో దానికే మిగతావి కలుపుకోండి, అది యకారమైనా సరే.