రెండో అంతస్తు ఖరీదు ఎంత?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని, వయసు 38. చేతికి నెలకు 62 వేలు వస్తాయి. మా బాబుకి తొమ్మిదేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు కష్టమయ్యే స్థితి). వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ సదరం పరీక్షలో 60 శాతం అని ఇచ్చారు. తెలివైనవాడు, లెక్కలంటే ప్రాణం. వాకర్ పట్టుకుని నడుస్తాడు, రాత మాత్రం బాగా నెమ్మది. ఇప్పుడు నాలుగో తరగతి. తరగతి గది రెండో అంతస్తులో ఉంటుంది. ఎవరో ఒకరు తోడుండాల్సిందేనని బడివాళ్ళు అనడంతో మా ఆవిడ 16 వేల జీతం వచ్చే టీచరు ఉద్యోగం మానేసి, మూడేళ్ళుగా రోజంతా బడి దగ్గరే కూర్చుంటోంది. హైదరాబాద్‌లో ఇలాంటి పిల్లలకు అన్ని సౌకర్యాలూ ఉన్న స్కూలు ఉందని తెలిసింది, ఫీజు ఏడాదికి 3 లక్షల 20 వేలు. ఊరి చివర 22 లక్షలు పలికే స్థలం ఉంది. అది అమ్మి, తల్లీబిడ్డల్ని అక్కడ పెట్టి, నేను ఇక్కడే ఉందామనుకుంటున్నాను. తెలిసిన ఏజెంటు ఏడాదికి లక్ష చొప్పున 12 ఏళ్ళు కట్టే చైల్డ్ పాలసీ తీసుకోమంటున్నాడు, ట్యాక్స్ కూడా కలిసొస్తుందట. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం అమ్మకండి. కనీసం ఈ ఏడాది అమ్మకండి. పాలసీ మీద సంతకం అసలు పెట్టకండి. ఎందుకో చెప్తాను.

మీరు పంపిన ఖర్చుల జాబితా చూశాను. ఇంటి ఖర్చు 28 వేలు, ఇంటి లోను వాయిదా 11 వేలు. బాబు కోసం బడి ఫీజు ఏడాదికి 42 వేలు, అంటే నెలకు మూడున్నర వేలు. ఆటో రెండున్నర వేలు, ఫిజియోథెరపీ నాలుగున్నర వేలు. మొత్తం 49,500. నెలకు పన్నెండున్నర వేలు మిగులుతున్నాయి. లెక్క శుభ్రంగా ఉంది, అకౌంటెంట్ గారి లెక్క కదా. కానీ అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు రాయలేదు. మీ ఆవిడ వదులుకున్న జీతం. నెలకు 16 వేలంటే ఏడాదికి లక్షా 92 వేలు. బడి ఫీజుకి నాలుగున్నర రెట్లు. మూడేళ్ళలో 5 లక్షల 76 వేలు పోయాయి. అదెక్కడికి పోయింది? థెరపీకి కాదు, పుస్తకాలకీ కాదు, మెట్లకి. తరగతి గది పైన ఉంది కాబట్టి, టాయిలెట్‌కి తీసుకెళ్ళే మనిషి లేదు కాబట్టి.

అందుకే నా మొదటి సలహా డబ్బు గురించి కాదు. బడికి ఒక ఉత్తరం రాయండి. వచ్చే జూన్‌లో సెక్షన్లు వేసేముందే బాబు సెక్షన్‌ని కింది అంతస్తుకి మార్చమని, కింద ఒక టాయిలెట్లో వెస్టర్న్ కమోడు, పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టించమని, పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వమని అడగండి. గదులు అటూ ఇటూ మార్చడానికి వాళ్ళకు పైసా ఖర్చు లేదు. కడ్డీకి, కమోడుకి అయ్యేది మీ హైదరాబాద్ స్కూలు ఏడాది ఫీజులో చిన్న ముక్క.

దయతలిచి చేయండని రాయకండి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ, ప్రైవేటుదైనా సరే, వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వాళ్ళ అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయాలి. చేయగలిగిన ఏర్పాటు చేయకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో వివక్షే. ఆ మాట ఉత్తరంలో ఒక్క వాక్యంగా ఉంటే చాలు. ఉత్తరంతో పాటు సదరం సర్టిఫికెట్ నకలు, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే దివ్యాంగ గుర్తింపు కార్డు) నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. పదిహేను రోజులు చూసి, ఉలుకూ పలుకూ లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) ఆఫీసులో దివ్యాంగ విద్యార్థుల విషయాలు చూసే నోడల్ అధికారి ఉంటారు, వాళ్ళకి ఇవ్వండి. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. చాలాసార్లు అంతదాకా పోదు. ఇలాంటి కాగితం చేతిలో పెడితే ప్రిన్సిపాళ్ళు మొదట మొహం చిట్లించినా, తర్వాత గది మారుస్తారు.

మరి బాబుకి తోడుండే ఆయాని ఎవరు పెట్టాలని అడుగుతారు. అది బడి బాధ్యతేనని నేనైతే వాదిస్తాను. కానీ ఆ వాదన తేలేలోపు మీ ఆవిడకి ఇంకో ఏడాది పోతుంది. బడిలో ఇప్పటికే ఉన్న ఆయాకి నెలకు మూడు వేలు మీరే ఇచ్చినా, 16 వేల ఉద్యోగం తిరిగి వస్తే 13 వేలు మీవి. మూడేళ్ళ గ్యాప్ తర్వాత అదే జీతం దొరుకుతుందా అని టెన్షన్ ఉంటే, అదే బడిలో అడిగి చూడమనండి. బీఈడీ ఉన్న మనిషి మూడేళ్ళుగా గేటు దగ్గర కూర్చుంటే ఒక్కరికీ ఆ ఆలోచన రాకపోవడమే నాకు వింతగా ఉంది.

ఒకవేళ ఈ బడి ససేమిరా అంటే, హైదరాబాద్ కన్నా ముందు మీ ఇంటి దగ్గర ప్రభుత్వ బడి చూడండి. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు మీ బాబుకి అదే చట్టం ఇచ్చింది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్తుంటారు. అన్ని కేంద్రాలూ ఒకేలా నడవవు, ఆ మాట దాచను. ఒక ఉదయం సెలవు పెట్టి స్వయంగా వెళ్ళి చూడండి. బాగుంటే థెరపీకి అవుతున్న నాలుగున్నర వేలలో కొంతైనా తగ్గుతుంది.

(ఇదే చదువుతున్న చిన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం కింద ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లలో అనాథలకు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు, దివ్యాంగ పిల్లలకు కలిపి, ఆ పాతికలో 5 శాతం ఉన్నాయి. నోటిఫికేషన్ దాటిపోతే మళ్ళీ ఆ అవకాశం రాదు.)

ఇక హైదరాబాద్ లెక్క. ఫీజు 3 లక్షల 20 వేలు. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులో చిన్న ఇల్లు నెలకు 18 వేలనుకుంటే అద్దె 2 లక్షల 16 వేలు. రెండూ కలిపి ఏడాదికి 5 లక్షల 36 వేలు. రెండో వంటింటి ఖర్చు, మీ బస్సు చార్జీలు నేను కలపలేదు. స్థలం అమ్మగా వచ్చిన 22 లక్షల మీద పన్ను ఒక్క రూపాయి కూడా పడలేదనుకుందాం, బ్యాంకులో ఆరున్నర శాతం వడ్డీకి వేశారనుకుందాం, స్కూలు ఫీజు ఏ ఏడాదీ పెంచలేదని కూడా అనుకుందాం, అది ఎలాగూ జరగదు. అయినా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఫీజు, అద్దె కట్టేసరికి చేతిలో మిగిలేది మూడు లక్షల చిల్లర. అంటే తొమ్మిదో తరగతి ఏడాది మొత్తం కూడా గడవదు. సరిగ్గా పదో తరగతి ముందు పిల్లాణ్ణి బడి మాన్పించి గుంటూరు తీసుకురావాలి. అప్పటికి స్థలమూ ఉండదు, మీ ఆవిడ ఉద్యోగం వదిలేసి ఎనిమిదేళ్ళు అయ్యుంటుంది.

స్థలం మీద నాకేమీ సెంటిమెంటు లేదు. ఇంకో తొమ్మిది పదేళ్ళకు బాబు కాలేజీ ఎక్కడో తేలాక, మెట్లు లేని ఇల్లు కొనడానికో, ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్‌కో, సొంత వ్యాపారానికో అమ్మితే నేనే సరే అంటాను. నాలుగో తరగతి పిల్లాడి ఫీజు కోసం మాత్రం వద్దు.

ఎందుకంటే ఇలాంటి పిల్లల చదువులో పైతరగతులకు వెళ్ళేకొద్దీ డబ్బు కన్నా కాగితాలు ఎక్కువ పనిచేస్తాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకు ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించాలి, వయోపరిమితిలో ఐదేళ్ళ సడలింపు ఇవ్వాలి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు. రాయలేకపోతే స్క్రైబ్‌ని, అంటే తను చెప్తుంటే రాసిపెట్టే మనిషిని, పెట్టుకోవచ్చు. లెక్కలంటే ప్రాణం అన్నారు కాబట్టి చెప్తున్నాను: ఐఐటీల్లో దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్ళకు 8 లక్షలు. మీ ఏజెంటు పాలసీ 12 ఏళ్ళు కట్టించుకుని ఇచ్చే లాభం ఇంతకన్నా తక్కువ.

బాబు ఐఐటీకే వెళ్ళాలని కాదు. ఆ దారి ఉందని తెలిస్తే ఇంటర్‌లో ఏ గ్రూపు అన్న దగ్గర వెనక్కి తగ్గరు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి చూపు లేదన్న కారణంతో పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి ఒప్పుకోలేదు. కోర్టుకెళ్ళి సాధించుకుని, ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివాడు, కంపెనీ పెట్టాడు. ఆ సీటు డబ్బుతో వచ్చింది కాదు. ఇంకో సంగతి, మన గుంటూరు, విజయవాడ ఇంటర్ కాలేజీల్లో క్యాంపస్ చూడకుండా ఫీజు కట్టకండి. నాలుగో అంతస్తులో క్లాసు, లిఫ్టు మాత్రం స్టాఫ్‌కే అనే చోట్లు నాకు తెలుసు.

బడి బాగా ఇబ్బంది పెట్టి పదో తరగతి దగ్గర చిక్కు వస్తే ఎన్ఐఓఎస్ ఉంది, అంటే రోజూ బడికి వెళ్ళకుండా చదివి పరీక్ష రాసే జాతీయ ఓపెన్ స్కూలు. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, సబ్జెక్టులు కొన్ని కొన్నిగా రాసుకోవచ్చు. అవసరమైతేనే.

మీకు రానివి కూడా చెప్తాను, లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. రాష్ట్ర ప్రభుత్వ దివ్యాంగ పింఛను నెలకు 6 వేలు మంచి మొత్తమే గానీ, మీ జీతంతో అర్హత లేదు. పదో తరగతి తర్వాత చదువుకి కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, అదీ రాదు. సాంకేతిక విద్య చదివే దివ్యాంగులకు ఏఐసీటీఈ ఇచ్చే సక్షమ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు, ఆదాయ పరిమితి 8 లక్షలు. మీ ఆవిడ ఉద్యోగంలో చేరితే అదీ దాటిపోతారు. దాటిపోవడమే మంచిది.

వచ్చేది నిరామయ. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా ఇది. ఏడాదికి లక్ష కవరేజీ, కట్టేది కొన్ని వందలు. ముందు వైద్య పరీక్షలు లేవు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీలకు కూడా కొంత పరిమితి మేరకు ఇస్తారు. బిల్లులు, డాక్టరు చీటీ దాచిపెట్టండి. మార్చి 31 లోపు రెన్యూవల్ మర్చిపోతే ఆ తప్పు మీదే.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికొద్దాం. ట్యాక్స్ కలిసొస్తుందన్నాడా? ఆయన చెప్పేది దివ్యాంగ పిల్లలున్నందుకు, బీమా ప్రీమియం కట్టినందుకు ఇచ్చే పన్ను మినహాయింపుల గురించి అయ్యుంటుంది. వైకల్యం ఉన్న పిల్లలున్నవాళ్ళకు 75 వేలు, తీవ్ర వైకల్యమైతే లక్షా 25 వేలు ఆదాయంలోంచి తగ్గుతాయి, అసలు ఎంత ఖర్చయిందో లెక్క చూపక్కర్లేదు. మంచి మినహాయింపే. కానీ అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో జీతం 12 లక్షల 75 వేల దాకా అసలు పన్నే లేదు. మీరు కట్టేది సున్నా. సున్నాలోంచి ఏం తగ్గిస్తాడు?

రాబడి చూద్దాం. లక్ష చొప్పున 12 ఏళ్ళు కడితే చివర్లో 17 లక్షలంటున్నాడు. అంటే ఏడాదికి ఐదు శాతం పైచిలుకు. అదే డబ్బు ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో ఇప్పుడున్న 7.1 శాతం లెక్కన 19 లక్షల పాతిక వేలు దాటుతుంది. ఆ రెండు లక్షల కన్నా పెద్ద లోపం వేరే ఉంది. ఆ పాలసీలో మీకు బీమా పది లక్షలే. మీకేమైనా అయితే పది లక్షలతో ఆ ఇద్దరూ ఎన్నేళ్ళు బతకాలి? నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి పాలసీలు కొందరికి చేయించాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

మీకు కావాల్సింది కోటి రూపాయల టర్మ్ పాలసీ, అరవయ్యో ఏడు వరకు. అంటే పొదుపు కలవని, మీకేమైనా అయితేనే డబ్బిచ్చే బీమా. సిగరెట్ అలవాటు లేకపోతే ఏడాదికి 15 వేలు అటూ ఇటూ అవుతుంది. ఫారంలో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నట్టు టిక్ పెట్టి, భార్యనీ బాబునీ లబ్ధిదారులుగా రాయండి. అప్పుడు మీ అప్పులవాళ్ళు గానీ బంధువులు గానీ ఆ డబ్బు జోలికి రాలేరు. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి)లో నామినేషన్ పెళ్ళికి ముందు మీ నాన్నగారి పేరున పెట్టి అలాగే వదిలేసి ఉంటారు, వందలో సగం మంది అంతే. ఈ వారంలో మార్చండి.

మిగులు పన్నెండున్నర వేలలో టర్మ్‌కి నెలకు 1,250 పోతుంది. మూడు నెలల ఖర్చు, అంటే లక్షన్నర చేతిలో చేరేవరకు నెలకు ఎనిమిది వేలు రికరింగ్ డిపాజిట్. మిగతాది బాబు పేరున పీపీఎఫ్. మీ ఆవిడ జీతం మొదలయ్యాక, అందులోంచి నెలనెలా ఐదు వేలు ఇండెక్స్ ఫండ్‌లో సిప్, అంటే మార్కెట్ సూచీలోని షేర్లన్నిటిలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌కి వాయిదా. బాబుకి పద్దెనిమిది నిండటానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది కాబట్టి షేర్ల ఒడిదుడుకులు తట్టుకునే వ్యవధి ఉంది.

వీలునామా ఒకటి రాయండి. "వాడి వాటా మా తమ్ముడి పేరున పెడతాను, వాడే చూసుకుంటాడు" అనకండి. మీ బాబుకి ఆలోచనలో లోపం లేదు. పద్దెనిమిది దాటితే బ్యాంకు ఖాతా, ఆస్తి తన పేరునే, తన సంతకంతోనే నడుపుకోవచ్చు, సంతకం కుదరకపోతే వేలిముద్రతో. చట్టబద్ధ సంరక్షకుడి అవసరం మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళకే వస్తుంది. వాళ్ళు కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

చివరగా, సదరం సర్టిఫికెట్ మీద మళ్ళీ పరీక్ష చేయించుకోవాల్సిన తేదీ ఏమైనా ఉందా చూడండి. పిల్లలకు చాలాసార్లు తాత్కాలికంగానే ఇస్తారు. గడువు దగ్గర పడితే సచివాలయంలో ఇప్పుడే స్లాట్ పెట్టుకోండి. ఆ తర్వాత బడికి ఉత్తరం. వాళ్ళు ఏమన్నా సరే, ఆ జవాబు నకలు నాకు పంపండి. స్థలం సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.