చైన్‌సా పార్టుల రేట్లు చూసి బెంబేలెత్తుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఒరిజినల్ పిస్టన్, సిలిండర్ రేటు విని, చెట్లు కోసే నీ మిషన్‌ని మూలన పడేద్దామా అని అడిగావు. అప్పుడే వద్దు. అలాగని చవక కిట్టు (పిస్టన్, సిలిండర్ కలిసి వచ్చే సెట్టు) తెచ్చి బిగించెయ్యకు కూడా.

ఒకే పార్టు ఒక్కో దేశంలో ఒక్కో రేటు పలకడం మామూలే. ఫ్యాక్టరీ నుంచి డీలరు దాకా రవాణా, దిగుమతి సుంకం, మధ్యవాళ్ల వాటాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎప్పుడో ఒకటి అమ్ముడుపోయే పార్టయితే అరలో పడి ఉన్నందుకయ్యే ఖర్చూ దాని మీదే వేస్తారు. ఆ లెక్క మనం మార్చలేం. పార్టు అసలు ఎవరు తయారుచేశారు, అది పోతే దాంతోపాటు ఇంకేం పోతుంది అన్నవి మాత్రం చూసుకోవచ్చు.

చైన్‌సా కంపెనీలు అన్నీ తామే చెయ్యవు. కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) మీద వాల్‌బ్రో అనో జామా అనో తయారీదారు పేరు, పక్కన మోడల్ నంబరో కనిపిస్తాయి. ఆ నంబరుకి తగ్గ డయాఫ్రమ్ (లోపల కదిలే పల్చటి పొర) కిట్టు తెప్పించుకో. చాలాసార్లు పాడయ్యేది గట్టిపడిన డయాఫ్రమ్, మూసుకుపోయిన చిన్న జాలీ, అంతే. క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగు మీద 6202 అని ఉంటే అది 15×35×11 మిల్లీమీటర్ల మామూలు సైజు. బేరింగుల షాపులో మంచి కంపెనీది దొరుకుతుంది. పాతదాని మీద సీ3 అని ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. లోపల కాస్త ఎక్కువ వదులున్న రకం అది. అది లేనిది వేస్తే వేడికి బిగుసుకుంటుంది. సీలు (ఇరుసు చుట్టూ లీకు ఆపే రింగు), బేరింగు కలిసి ఒకటే పార్టుగా వచ్చే మోడళ్లకు మాత్రం చైన్‌సా కంపెనీదే కొనాలి.

చైన్‌కి పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బారు గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో నడిచే లింకుల) సంఖ్య, ఈ మూడూ సరిపోతే పేరున్న ఏ కంపెనీదైనా వేసుకో. 1.5 మిల్లీమీటర్ల గేజ్ బారులో (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీలో) 1.3 చైన్ వేస్తే అది పక్కకి ఒరుగుతుంది, కోత వంకర పోతుంది. స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మీద గాడి అర మిల్లీమీటరు లోతు పడిందంటే ముందు దాన్ని మార్చు, లేకపోతే కొత్త చైన్‌నీ తినేస్తుంది.

ఇక నీ పిస్టన్ సంగతి. పట్టేసిన పిస్టన్‌ని పారెయ్యకుండా వెలుతురులో పెట్టి చూడు. గీతలు ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వైపు ఉంటే పెట్రోల్‌లో ఆయిల్ తక్కువైందో, ఎక్కడో గాలి లీకై మిక్చర్‌లో పెట్రోల్ పాలు తగ్గిందో. ఇన్‌టేక్ (గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే) వైపు మసకగా అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము పోతోంది. కారణం పట్టకుండా కొత్తది వేస్తే, అది ఒరిజినలైనా మళ్లీ పోతుంది. కాబట్టి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి, ప్రెజర్ గేజు పెట్టి 0.5 బార్ ఒత్తిడికి గాలి ఎక్కించు. గేజు ముల్లు దిగితే సబ్బునీళ్లు రాస్తూ వెతుకు. తర్వాత వ్యాక్యూమ్ (గాలి బయటికి లాగడం) కూడా పెట్టు; లోపలికి మాత్రమే లీకయ్యే ఆయిల్ సీలు అప్పుడే దొరుకుతుంది. ఆయిల్ పాలు 50:1 (యాభై పాళ్లు పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అని కంపెనీ చెబితే లీటరుకి 20 మిల్లీలీటర్లు కొలిచే పొయ్యి.

సిలిండర్‌లో కనిపించే గీతల్లో చాలాభాగం పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియమే. సన్నటి ఎమరీ కాగితంతో నెమ్మదిగా తీసెయ్యి. కింద సిలిండర్ గోడ పూత ఊడకుండా, గోటికి గాడి తగలకుండా ఉంటే సిలిండర్ ఖర్చు మిగిలినట్టే, పిస్టన్, రింగు చాలు. ఇటలీలో చేసే మెటియర్ పిస్టన్లు నమ్మకంగా వాడొచ్చు. పూత ఊడి చవక సిలిండరే కొనాల్సి వస్తే, పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచుల వెంట వేలు పోనిచ్చి చూడు. పదునుగా ఉంటే రింగు తగులుకుని విరుగుతుంది. అంచు కొద్దిగా గుండ్రం చేసి, శుభ్రంగా కడిగాకే బిగించు. గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) క్లిప్పులు మాత్రం కిట్టులోవి వద్దు, ఒరిజినల్ వెయ్యి. అంత చిన్న తీగముక్క ఊడితే పిస్టన్, సిలిండర్ రెండూ పోతాయి.

చైన్ బ్రేక్ బ్యాండు, దాని స్ప్రింగు, చేతి గార్డు, చైన్ క్యాచర్ (తెగిన చైన్‌ని ఆపే ముక్క): వీటి దగ్గర బేరమాడకు. ఇక్కడ పొదుపు చేస్తే పోయేది నీ చెయ్యి.

వేరే దేశం నుంచి తెప్పించేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెప్పకు, మధ్యలో డిజైన్ మారి ఉండొచ్చు. సీరియల్ నంబరుతో పార్ట్స్ లిస్ట్‌లో చూసి పార్టు నంబరు రాయి. కొరియర్, సుంకం కలిపాకే రేటు పోల్చు. సీళ్లు, క్లిప్పులు, గ్యాస్కెట్లు అన్నీ ఒకే ఆర్డర్‌లో పెట్టు. లీకు ఎక్కడుందో తేలేదాకా మాత్రం ఆర్డర్ ఆపు.

ఇట్లు,
నీ అన్నయ్య