షుగర్‌కు మూలికల పొడి: ప్యాకెట్ మీద రాసిన యాంటీఆక్సిడెంట్ శక్తిని నమ్మి మాత్రలు ఆపొచ్చా?

అన్నా, మీరు అడిగింది ఇదీ: ప్రొద్దుటూరులో ఉన్న మీ నాయనకు ఎనిమిదేళ్లుగా షుగర్, తిరునాళ్లలో ఎవరో కరక్కాయ, ఉసిరి, వేగి (విజయసార్) చెట్టు బెరడు కలిపిన పొడి ఇచ్చారు, "విటమిన్ సి కన్నా ఎక్కువ యాంటీఆక్సిడెంట్ శక్తి, ల్యాబులో పరీక్షించినది" అని ప్యాకెట్ మీద ఉంది, మాత్రలు ఆపి ఇది వాడొచ్చా అని. మాత్రలు ఆపొద్దు. ఈ రాత్రి వేసుకోవాల్సిన మాత్ర కూడా వేసుకోమనండి, ఎందుకో కింద చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను కడపలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివినప్పుడు నా ప్రాజెక్టు సరిగ్గా ఈ పరీక్ష మీదే. మాది పాలకొండల పక్క ఊరు. జ్వరమొస్తే తిప్పతీగ కషాయం, కడుపు బాగాలేకపోతే కరక్కాయ అరగదీసి నాకించడం, ఇట్ల మా జేజి చేతి వైద్యంలో పెరిగినవాడిని కాబట్టి ఆమె వాడేవాటిలోనే మూడు తీసుకున్నాను: కరక్కాయ, తిప్పతీగ కాడ, వేగి బెరడు. నీడన ఎండబెట్టి, దంచి, జల్లించి, మిథనాల్‌లో నానబెట్టి వడకట్టుకోవాలి. ఇంకో పక్క డీపీపీహెచ్ అని ఒక రసాయనం ఉంటుంది, మిథనాల్‌లో కలిపితే ముదురు ఊదా రంగులో ఉంటుంది. దాంట్లో మన మూలిక రసం కొద్దిగా వేసి అరగంట చీకట్లో పెడితే, రసంలో యాంటీఆక్సిడెంట్లు ఉన్న కొద్దీ ఊదా రంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. ఎంత రంగు పోయిందో 517 నానోమీటర్ల దగ్గర మిషన్‌లో చూసి లెక్క కడతారు. సగం రంగు పోగొట్టడానికి ఎంత మోతాదు కావాలి అన్నదే ఆఖరున వచ్చే అంకె, అది ఎంత తక్కువైతే రసానికి అంత బలం ఉన్నట్టు. పోల్చుకోవడానికి పక్కన విటమిన్ సి పెడతారు. మీ ప్యాకెట్ మీద మాట ఇట్లాంటి పరీక్షలోంచే వచ్చి ఉంటుంది.

కరక్కాయ రసం వేసినప్పుడు నేను అరగంట ఆగాల్సిన పనే లేకపోయింది, కళ్ల ముందే ఊదా రంగు వెలిసిపోయింది. చాలా సంతోషమేసింది, ఇంటికి ఫోన్ చేసి జేజికి చెప్పాను. తిప్పతీగ మాత్రం మూడింటిలో బాగా వెనకబడింది. అది విని ఆమె "అట్లయితే తిప్పతీగ పనికిరాదా నాయనా, ఇన్నేళ్లు మీకు ఊరికే తాపినానా?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న వల్లే ఈ పరీక్ష ఏం చెప్తుందో, ఏం చెప్పదో వెతకడం మొదలుపెట్టాను.

అదే వారం అనంతపురం స్నేహితుడు ఇంటి నుంచి తెచ్చిన శెనక్కాయ విత్తనాల ఎర్ర పొట్టు, చింతగింజల పైపొట్టు, హాస్టల్ టీ పొడి కూడా అదే పద్ధతిలో పెట్టి చూశాను. మూడూ రంగు బాగా విరగ్గొట్టాయి. వగరుగా ఉండే మొక్కల పదార్థాల్లో ఎక్కువగా టానిన్లు, ఇతర పాలీఫినాల్స్ ఉంటాయి, అవి ఎలక్ట్రాన్లు ఇచ్చి ఆ రసాయనాన్ని చల్లార్చేస్తాయి. అంతమాత్రాన శెనక్కాయ పొట్టు తిని షుగర్ మాత్ర మానేయమని ఎవరైనా అంటారా?

ఇంకో సంగతి, డీపీపీహెచ్ అనేది మనిషి ఒంట్లో ఉండే పదార్థం కాదు. మేము వాడింది మిథనాల్, అది విషం, మీ నాయన తాగేది నీళ్ల కషాయం, నీళ్లలోకి దిగే పదార్థాలు వేరు, వాటి మోతాదు వేరు. సరే, నీళ్లలోకి దిగాయనే అనుకుందాం. కరక్కాయలో ఉండే పెద్ద పెద్ద టానిన్ అణువులు పేగు గోడ దాటి నేరుగా రక్తంలోకి పోవు. చాలావరకు పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని ముక్కలు చేసి యూరోలితిన్ల లాంటి వేరే పదార్థాలుగా మారుస్తుంది, ఆ కాస్త లోపలికి వెళ్తే లివర్ మళ్లీ మార్చి బయటికి పంపేస్తుంది. ల్యాబ్ గొట్టంలో బలం చూపించిన అణువు ఒకటి, రక్తంలో తిరిగే అణువు ఇంకొకటి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు ఆహార పదార్థాలకు ఇట్లాంటి అంకెలతో ఒక పెద్ద పట్టిక పెట్టి, కంపెనీలు దాన్ని ప్రచారానికి వాడుకుంటున్నాయనీ, ఆ అంకెలకూ ఒంట్లో జరిగేదానికీ సంబంధం తేలలేదనీ 2012లో దాన్ని తీసేశారు.

యాంటీఆక్సిడెంట్ అంటే ఎంత తీసుకున్నా మంచే అనే మాట కూడా నిలబడలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద పెద్ద పరీక్ష చేశారు, 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్లో, మునగాకులో ఉండే పదార్థమే అది. ఆకుకూరగా తిన్నప్పుడు లేని ఇబ్బంది మాత్రగా పెద్ద మోతాదులో వచ్చింది.

ఇంత చెప్పినా మూలికలు ఉత్తివి అని నేను అనను, అట్ల అనేవాళ్లతో నాకు గొడవే. పొడపత్రి ఆకు ఒకసారి నమిలి చక్కెర నోట్లో వేసుకుని చూడండి, ఇసుక నమిలినట్టు ఉంటుంది, అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపి తెలిసే చోటును కాసేపు మూసేస్తాయి. దానికీ యాంటీఆక్సిడెంట్లకూ సంబంధమే లేదు. మీ నాయన వేసుకునేది మెట్‌ఫార్మిన్ అయి ఉంటుంది, దాని మూలం కూడా మొక్కే. యూరప్‌లో పాతకాలం నుంచి వైద్యానికి వాడిన గలేగా అనే మొక్కలోని పదార్థం చక్కెర తగ్గిస్తుంది కానీ విషం, దాని జాడ పట్టుకుని పోయి చేసిన సురక్షితమైన మందు 1957లో ఫ్రాన్స్‌లో వాడకంలోకి వచ్చింది. వేగి సంగతికొస్తే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు దాన్ని నేరుగా మనుషుల మీదే చూశారు. కొత్తగా షుగర్ బయటపడిన, తీవ్రత తక్కువగా ఉన్నవాళ్లకు 12 వారాలు ఇచ్చి రక్తంలో చక్కెర కొలిస్తే సుమారు మూడింట రెండు వంతుల మందిలో అదుపులోకి వచ్చిందని 1998లో ప్రచురించారు. పోల్చడానికి ఇంకో గుంపు లేకుండా చేసిన పరీక్ష అది, ఎనిమిదేళ్ల షుగర్ ఉన్న మీ నాయనకు దాన్ని అట్లే తెచ్చి అతికించలేం. అయినా నాకు ఆ పరీక్ష మీద గౌరవం ఉంది, ఎందుకంటే వాళ్లు కొలిచింది మనిషి రక్తాన్ని. ఊదా రంగు నీళ్లను కాదు. (వేగి పేరు చెప్పి ఎర్రచందనం గ్లాసులు అమ్మేవాళ్లు కూడా తగులుతారు, అవి రెండు వేరు చెట్లు, అనుమతి లేని ఎర్రచందనం ఇంట్లో ఉంటే కేసవుతుంది, కొనొద్దు.)

ఇప్పుడు అసలు విషయం. నా ప్రాజెక్టు అయిపోయిన రెండేళ్లకు మా చిన్నమామ మీ నాయన లాగే ఒక పొడి తెచ్చుకున్నాడు. "నువ్వు ల్యాబులో చూసినావు కదప్పా, కరక్కాయ మంచిదే కదా" అని నన్నే అడిగాడు. మంచిదే మామా అన్నాను. మాత్రలు ఆపుతున్నావా అని అడగాలని నాకు తట్టలేదు. మూడు నెలలు ఆపేశాడు, ఒళ్లు తేలిగ్గా ఉందని అందరికీ చెప్పుకున్నాడు, షుగర్ బాగా పెరిగినా కొందరికి ఏమీ తెలియదు కదా. చెప్పు కరిచిన చిన్న పుండు మానక నల్లబడ్డాక ఆసుపత్రికి తీసుకెళ్లాం, కాలి వేలు ఒకటి తీసేశారు. ఆ పొడి ఆయనకు చెరుపు చేసిందని నేను చెప్పలేను, మాత్ర లేని మూడు నెలలు చేశాయి. ఆ రోజు నుంచి ఎవరు ఈ ప్రశ్న అడిగినా మొదట మాత్రల సంగతే చెప్తున్నాను.

పొడి కూడా వాడతానని ఆయన పట్టుబడితే గొడవ పడకండి, దాచిపెట్టి వాడితే ఇంకా కష్టం. ప్యాకెట్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. మాత్రతో పాటు చక్కెర తగ్గించే మూలిక తోడైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర ఉంటే. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), లివర్ పరీక్ష చేయించండి. మా జేజి మందే అయినా చెప్పాలి, తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, నేనైతే లివర్ పరీక్ష లేకుండా రోజూ తాగమని ఎవరికీ చెప్పను. ఇంట్లో ఎవరికైనా రక్తం తక్కువుంటే ఈ వగరు పొడులు అన్నంతో పాటు ఇవ్వకండి, టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనీయవు. ఎండాకాలంలో నన్నారి కూడా యాంటీఆక్సిడెంటే అని షర్బత్ తాపుతారు, వేరు మంచిదే కానీ గ్లాసులో ఉండేది పాకం, షుగర్ మనిషికి అది వద్దే వద్దు.

ఆయన వేసుకునే మాత్రల పేర్లు, మూడు నెలల షుగర్ అంకె (HbA1c), క్రియాటినిన్ ఎంతుందో, ప్యాకెట్ వెనక రాసిన మూలికల పేర్లన్నీ ఇక్కడ పెట్టండి. ఏ మూలిక ఏ మాత్రతో పడదో నాకు తెలిసినంత రాసిస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకుపోదురు.