కౌంటీని జిల్లా అనవచ్చునా?

సందేహం: మా అబ్బాయి టెక్సస్‌లోని కాలిన్ కౌంటీలో ఉంటాడు. నేను ‘కాలిన్ జిల్లా’ అంటే మా ఆడపడుచు ‘మండలం అనాలి’ అంటుంది. ఏది సరి? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: కౌంటీ అంటే అమెరికాలో రాష్ట్రంలోపలి ఒక విభాగం. దానికి మండలం కుదరదమ్మా. చోళుల నాడు విశాలమైన భూభాగానికి చెల్లిన ఆ మాట, 1985లో మన తాలూకాలు పోయాక బాగా చిన్నదైంది. లాస్ ఏంజెలస్ కౌంటీలో 2020 జనగణన ప్రకారం దాదాపు కోటిమంది ఉన్నారు. దాన్ని మండలం అంటే ఎలా?

ఇక జిల్లా. ఈ మాట పుట్టుక తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. మూలం అరబ్బీ, అక్కడ దీని అర్థం పక్కటెముక! పక్క అనీ, త్రిభుజానికి భుజం అనీ కూడా అర్థాలున్నాయి. వారికి ఎముక పేరే పక్కకూ చెల్లింది. మనం పక్కను బట్టి ఎముకకు పేరు పెట్టుకున్నాం. పక్క కాస్తా ప్రాంతమై, పారసీ దస్త్రాల్లో నలిగి, హిందుస్తానీ మీదుగా మన కచేరీలకు చేరింది. లాటిన్‌లోనూ పక్కటెముకను ‘కోస్తా’ అంటారు. పోర్చుగీసులో అదే సముద్రతీరమైంది. మన కోస్తా ఆ ఓడల్లో దిగిన మాటే. అంటే ‘కోస్తా జిల్లాలు’ అన్నప్పుడల్లా రెండు పక్కటెముకలను పక్కపక్కన పేరుస్తున్నామన్నమాట! ఇంతకన్నా చక్కని జంట నాకు మరెక్కడా కనబడలేదు.

కౌంటీ మూలం లాటిన్‌లో తోడు నడిచేవాడు. రాజుకు తోడైనవాడు ‘కౌంట్’ అయ్యాడు, అతని ఏలుబడి కౌంటీ. కౌంట్లు లేని అమెరికాలోనూ పేరు నిలిచింది.

బంధువులతో మాట్లాడేటప్పుడు జిల్లా అనండి, తప్పు లేదు. అచ్చులో మాత్రం కౌంటీ అనే రాయడం మేలనిపిస్తుంది. మన జిల్లాకు ప్రభుత్వం నియమించిన కలెక్టరు ఉంటారు. అక్కడ చాలాచోట్ల శాంతిభద్రతలు చూసే షెరీఫును సైతం ప్రజలే ఎన్నుకుంటారు. టెక్సస్‌లో ఇలాంటి కౌంటీలు 254. లూసియానాలోని 64 విభాగాలను కౌంటీలనరు, పారిష్‌లంటారు. వాటి పేరు వాటికే ఉంచాలి.

‘స్కూల్ డిస్ట్రిక్ట్’ను ‘పాఠశాల జిల్లా’ అని అనువదించేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అది బడుల నిర్వహణకు గీసుకున్న హద్దు. ‘బడుల పరిధి’ అంటే పోయేదేమిటి? నగర శివార్లలో ప్రహరీ కట్టిన ఇళ్ల సముదాయానికి ‘కౌంటీ’ అని పేరు పెట్టడం మరీ అన్యాయం. పేట, వాడ, పురం అరిగిపోయాయా?

మీ అబ్బాయికి ఉత్తరం వేసేటప్పుడు ఈ చిక్కే లేదు. ఇంటి నంబరు, వీధి, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ రాసి, కింద దేశం పేరు చేర్చితే చాలు.