పెన్నుల సంచీ

నాయనా,

టూర్ల కంపెనీ పెట్టి ఏడాది తిరక్కముందే "మనం వెళ్లే ఊళ్లకి ఏదైనా చేయాలి మావయ్యా" అని రాశావు. సంతోషం. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను కాబట్టి ముందు నా తప్పులే చెబుతాను. అవైతే నాకు కంఠతా వచ్చు.

మొదట్లో ప్రతి ట్రిప్పుకీ ఓ సంచీడు పెన్నులు, చాక్లెట్లు బస్సులో వేసుకెళ్లేవాణ్ణి. బస్సు ఆగగానే పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్లు. అతిథులు కిటికీల్లోంచి పంచేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. ఓ రోజు ఆ ఊరి హెడ్‌మాస్టర్ నన్ను పక్కకి పిలిచి హాజరుపట్టీ తెరిచారు. మా బస్సు వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం నుంచి సగం గళ్లు ఆబ్సెంటే. "మీ పెన్నులతో రాయాలంటే పిల్లలు క్లాసులో ఉండాలి కదండీ" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకే తలెత్తబుద్ధి కాలేదు.

మరి ఏం కావాలో మీరే చెప్పండన్నాను. ఆయన రాసిచ్చిన చీటీలో పెన్ను మాటే లేదు. బ్లాక్‌బోర్డుకి రంగు, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం. గొళ్లెం లేక పెద్దపిల్లలు ఇంటికెళ్లిపోతున్నారట! అది మనకెలా తడుతుంది? రెండూ ఆ ఊళ్లోనే కొన్నాం. డబ్బు అక్కడి దుకాణానికే వెళ్లింది, బస్సులో బరువూ తగ్గింది.

2010లో మొదలైన ప్యాక్ ఫర్ ఎ పర్పస్ అనే సంస్థ కూడా ఇలాగే ముందు స్థానికులకి ఏం కావాలో జాబితా పెడుతుంది. ప్రయాణికులు అందులోంచి 5 పౌండ్లు, అంటే 2.27 కిలోల సామాను తమ పెట్టెలో తెస్తే చాలంటుంది. అతిథులు ఏదైనా తెస్తామంటే నువ్వూ ఆ దారే పట్టు. వాడేసిన బట్టల మూటలు మాత్రం వద్దని మొహమాటం లేకుండా చెప్పు.

అనాథాశ్రమం చూపించే ప్యాకేజీ ఎంతమంది అడిగినా పెట్టకు. కాంబోడియాలో 2005 నుంచి 2010 లోపు అలాంటి ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. వాటిలోని పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో ఉన్నారు. చూడ్డానికొచ్చేవాళ్లు పెరిగేకొద్దీ పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చి పెట్టారన్నమాట. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇక నీ కంపెనీ సంగతి. గైడుకి మూడు నెలల జీతం బాకీపెట్టి ఊరికి బెంచీలు ఇస్తే, ఊరంతా చాటున నవ్వుకుంటుంది. ముందు జీతాలు టైముకి ఇవ్వు. గైడు, డ్రైవరు, వంటమనిషి ఆ చుట్టుపక్కలవాళ్లే అయ్యేలా చూడు. ఆ తర్వాతే బిల్లులో విరాళం గడి పెట్టు. ముందే టిక్ పెట్టేసి ఉంచకు, ఇష్టమున్నవాళ్లే పెట్టుకుంటారు. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్నది రిసెప్షన్ గోడ మీద అంటించు. ఖాతాకి నీ సంతకం ఒక్కటే చాలదు, ఊరివాళ్లలో ఒకరిది కూడా ఉండాలి.

నేపాల్లో అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం 1986లో మొదలైంది. అక్కడ ట్రెక్కర్లు కట్టే ప్రవేశ రుసుము అడవి రక్షణకీ, ఊళ్ల పనులకీ వెళ్తుంది. ఎవరి జాలితోనూ పనిలేదు, వచ్చినవాళ్లు కట్టాల్సిందే. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

ఇంకో మాట. బోరు వేయించడం సులువే, ప్రారంభోత్సవం ఫొటోలు కూడా బాగా వస్తాయి. రెండేళ్లకి మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయిస్తారు? ఒకచోట నేను అది అడగకుండానే వేయించాను. ఇప్పటికీ ఆ పంపు మీద మా కంపెనీ పేరుంది, నీళ్లే లేవు. అందుకని రిపేర్లకి కొంత డబ్బు మొదటిరోజే పక్కన పెట్టు.

వచ్చే ట్రిప్పులో బడికెళ్లి చీటీ అడుగు. ఫొటో తీసి నాకు పంపు, చేతిరాత అర్థంకాకపోయినా పర్లేదు.

మీ మావయ్య