పాత ఎంఎం 540 పొద్దున్నే స్టార్ట్ అవ్వట్లేదు, ఇంజన్ దించాల్సిందేనా?

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో అసలు సంగతి ఒక్క ముక్కలో ఉంది, మిగతాదంతా మెకానిక్ చెప్పిన మాట. నాన్నగారి 90ల నాటి మహీంద్రా ఎంఎం 540, రాత్రి ఆపితే పొద్దున్న సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి, ఒకసారి అందుకుంటుంది, నాలుగైదు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, మళ్ళీ కొట్టాలి, కాసేపు తెల్ల పొగ, ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు, ఘాట్ కూడా బాగానే లాగుతుంది. మెకానిక్ మాత్రం కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నలిపే ఒత్తిడి) పోయింది, ఇంజన్ దించాలి, 70 వేలు అవుద్ది అన్నాడు. ఆ అందుకుని ఆగిపోవడం ఉంది చూడు, అదీ సంగతి. కంప్రెషన్ పోయిన బండి అందుకోడానికి మొరాయిస్తుంది గానీ ఒకసారి అందుకున్నాక కుంటుకుంటూ అయినా తిరుగుతూనే ఉంటుంది, పైగా ఘాట్‌లో నీరసపడిపోద్ది. అందుకుని పోతోందంటే ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపులో మిగిలిన కాస్త డీజిల్ అయిపోయి దాని వెనకాల గాలి వస్తోందని ఎక్కువ అనుమానం. ఇప్పుడే ఇంజన్ దించనివ్వకు.

మాది చింతపల్లి వైపు, మా ఇంట్లో కూడా పాత డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్ ఇంజన్) జీపే, తోటకి వెళ్ళాలన్నా మిరియాలు, కాఫీ గింజలు దింపాలన్నా సంతకి వెళ్ళాలన్నా అదే దిక్కు. లంబసింగి చుట్టుపక్కల డిసెంబర్, జనవరి పొద్దున్నలు ఎలా ఉంటాయో తెలిసిందేగా, ఆ చలిలో డీజిల్ బండికి ఏ చిన్న లోపం ఉన్నా బయటపడిపోద్ది, కింద నర్సీపట్నంలో అదే బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుద్ది.

ముందు బానెట్ ఎత్తి నీది ఏ ఇంజనో చూసుకో, ఎందుకంటే మహీంద్రా వాళ్ళు 1979లో ప్యూజో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ డీజిల్ ఇంజన్లు తయారుచేసి జీపుల్లో పెట్టారు, ఎంఎం 540 పేరు వినగానే ముందు గుర్తొచ్చేది అదే, కానీ తర్వాత చాలా బళ్ళలో ఓనర్లు అది తీసేసి డీఐ ఎక్కించేసుకున్నారు. ప్యూజోకి హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు లోపల వేడి పుట్టించేవి) ఉంటాయి, ఇంజెక్టర్ల దగ్గర నాలుగింటినీ కలుపుతూ ఒక పట్టీయో వైరో కనిపిస్తుంది. డీఐకి మామూలుగా హీటర్లు ఉండవు. ఎవరైనా డీఐ బండికి హీటర్లు మార్చాలి అంటే నవ్వి వచ్చెయ్. ప్యూజో అయితే మాత్రం ఆ పట్టీ విప్పి, ఒక టెస్ట్ బల్బు వైరు బ్యాటరీ ప్లస్‌కి పెట్టి రెండోది ఒక్కో ప్లగ్గు మీద ఆనించు, బల్బు వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. రెండు పోయినా చలిలో తెల్ల పొగ, కళ్ళు మంట, స్టార్టింగ్ కష్టం అన్నీ వస్తాయి.

ఇప్పుడు గాలి సంగతి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న పంపు) దాకా వచ్చే లైను ఇంజన్ నడిచేటప్పుడు పీల్చే వైపు ఉంటుంది, అందుకే అక్కడ చిన్న పగులున్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. మెకానిక్ కిందకి వంగి చూసి తడి లేదు, లీకేజీ లేదు అంటాడు, అబద్ధం కాదు అది, కానీ ఉపయోగమూ లేదు. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆ గాలి చొరబడి లైన్లో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. దీన్ని పట్టుకోడానికి నేను చేసేది ఇది, ఖర్చు ఏమీ లేదు: ఐదు లీటర్ల క్యాను ఒకటి శుభ్రంగా కడిగి ఆరబెట్టి డీజిల్ పోసి ఇంజన్ కంటే ఎత్తులో, బానెట్ పక్కన కదలకుండా కట్టు, ట్యాంకు నుంచి వచ్చే పైపుని ఫీడ్ పంపు దగ్గర విప్పేసి దాని బదులు క్యాను నుంచి ఒక ట్రాన్స్‌పరెంట్ గొట్టం క్లిప్పేసి బిగించు, రిటర్న్ పైపు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్ళేది) మాత్రం ట్యాంకుకే వదిలెయ్. లైన్లో ఎయిర్ తీసి (ఎలాగో కింద చెప్తాను), ఒకసారి నడిపి, అలాగే రాత్రికి వదిలెయ్. పొద్దున్న ఠక్కున స్టార్ట్ అయి ఆగకుండా తిరిగితే గాలి చొరబడుతున్నట్టే, ఫిల్టర్ దగ్గరో బోల్టుల దగ్గరో చెమ్మ కూడా కనిపిస్తే అక్కడే (ఇప్పుడు డీజిల్ పై నుంచి ఒత్తుతోంది కదా, నిన్నటిదాకా గాలి పీల్చిన చోటు ఇవాళ చెమరుస్తుంది). చెమ్మ ఎక్కడా లేకపోతే ట్యాంకు నుంచి వచ్చే లైను, లేదా ఫీడ్ పంపు వాల్వు. క్యాను పెట్టినా అదే కథ అయితే గాలి కాదు, అప్పుడు వేరే చూడాలి.

దొరికాక మార్చాల్సినవి చాలావరకు చిల్లర సామానే, ఎండకి చిట్లిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, రాగి వాషర్లు, ఫిల్టర్ రబ్బరు రింగు. రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వెయ్యి, పాతది తిప్పి వేస్తే పర్లేదు అనేవాళ్ళ మాట వినకు.

ఎయిర్ తీసేటప్పుడు ఫిల్టర్ మీదున్న స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిల్ వస్తుంది, అది వస్తుండగానే స్క్రూ బిగించాలి, పంపు ఆపాక బిగిస్తే మళ్ళీ గాలి పీలుస్తుంది. తర్వాత ఇంజెక్టర్ల దగ్గర ఒకట్రెండు పైపు నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టిస్తే మిగిలింది కూడా పోతుంది. ఆ నట్ల దగ్గర వేలు పెట్టి చూడొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది, గాయం చీమ కుట్టినట్టు కనిపిస్తుంది గానీ ఆపరేషన్ దాకా పోతుంది.

ఇంకోటి, మన ఏజెన్సీలో రోడ్డు పక్కన క్యాన్లలో అమ్మే డీజిల్ పోయించుకోవాల్సి వస్తే మంచి గుడ్డ వేసి వడగట్టుకో, వానాకాలంలో ఫిల్టర్ కింద బోల్టు తిప్పి నీళ్ళు వదులుతూ ఉండు. ట్యాంకు మూతకి గాలి రంధ్రం మూసుకుపోయి ఉన్నా అరగంట నడిచాక బండి ఊపిరాడనట్టు పోతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది, అదే గుర్తు.

కరెంటు వైపు కూడా చూడు. డీజిల్ మండేది నలిగిన గాలి వేడికే, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి పుట్టదు. పాత జీపుల్లో బ్యాటరీ మార్చేస్తారు గానీ ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వెళ్ళే ఎర్త్ పట్టీ మాత్రం కంపెనీ నుంచి వచ్చిందే ఉంటుంది, పచ్చగా చిలుం పట్టి. మల్టీమీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు, అర వోల్టు దాటిందంటే ఆ పట్టీ తీసి పడేసి మందపాటిది వేయించు.

మెకానిక్ మాట నిజమో కాదో కూడా తేల్చుకోవాలి కదా, దానికి ఇంజన్ దించక్కర్లేదు. వేడెక్కాక స్లోలో పెట్టి ఆయిల్ పోసే మూత తీసి బోర్లా ఆనించు, మూత ఎగిరెగిరి పడుతూ పొగ బుసబుసా వస్తోందంటే పిస్టన్ రింగులు అరిగాయి. కొద్దిగా కదిలితే ఈ వయసు ఇంజన్‌కి మామూలే. తర్వాత ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూడు, ఏది వదులు చేసినప్పుడు ఇంజన్ శబ్దం మారలేదో ఆ సిలిండర్ పని చేయట్లేదు. ముందు ఆ ఇంజెక్టర్ నాజిల్ (డీజిల్ చిమ్మే మొన) విప్పి పంపు షాపులో టెస్టింగ్ మీద పెట్టించు, మంచులా చిమ్మాలి, చుక్కలు కారకూడదు. నాజిల్ బాగుంటే అప్పుడు కంప్రెషన్ గేజ్ పెట్టమను, నాలుగింటి అంకెలూ కాగితం మీద రాయించుకో. గేజ్ పెట్టకుండానే 70 వేలు చెప్పేవాడి దగ్గర బండి వదలొద్దు.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వు) ఉందో లేదో కూడా చూడు. నాకు ఒళ్ళు మండే విషయం ఇది. ఎండాకాలం బండి వేడెక్కుతోందని చెప్తే రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో పేరుకున్నది పుల్లతో పొడిచి శుభ్రం చేయడం) చేయాల్సింది పోయి థర్మోస్టాట్ పీకేసి పంపిస్తారు. మన కొండల్లో ఆ ఇంజన్ రోజంతా సరైన వేడికే రాదు, పొగ తగ్గదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి. మళ్ళీ వేయించి నీళ్ళకి బదులు కూలెంట్ పోయించు.

స్టార్టింగ్ స్ప్రేలు, పెట్రోల్ గుడ్డలు ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్టడాలు వద్దు, హీటర్లు ఉన్న ఇంజన్‌కి అది పేలుడే. పాత ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టర్ (కింద గిన్నెలో ఆయిల్ ఉండేది) అయితే గిన్నెలో గుర్తు దాటి ఆయిల్ పోయకు, ఇంజన్ ఆ ఆయిల్ లాగేసుకుని దాన్నే మండించుకుంటూ రేస్ అయిపోతే తాళం తీసినా ఆగదు.

ఫోర్ వీల్ గురించి కూడా అడిగావు కదా, తారు రోడ్డు మీద వెయ్యకు, కానీ నెలకోసారైనా మట్టిలో వేసి కాస్త నడుపు, వాడకపోతే లివర్ బిగుసుకుపోతుంది. గెడ్డ (వాగు) దాటాల్సి వస్తే ముందు కాసేపు ఆపు, వేడి యాక్సిల్ చల్లనీళ్ళలో దిగితే బ్రీదర్ (యాక్సిల్ గాలి రంధ్రం) లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది, తర్వాత డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూస్తే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే మార్చేయాల్సిందే. స్టీరింగ్ 50 దాటితే వణుకుతోంది అన్నావు, కింగ్ పిన్ బేరింగులు, టైరాడ్ ఎండ్లు, కమాన్ల షాకిల్ బుష్షులు చూపించు, స్టీరింగ్ డ్యాంపర్ (వణుకు ఆపే షాక్) ఒక్కటీ మార్చి పంపిస్తే వణుకు దాక్కుంటుందే గానీ పోదు.

సామానుకి విశాఖ ఆటోనగర్లో దొరకనిది విజయవాడ ఆటోనగర్లో దొరుకుతుంది, పాత సామాను చేతిలో పట్టుకుని వెళ్ళు, ఫోన్లో చెప్తే ప్యూజోది అడిగితే డీఐది పంపిస్తారు. ఇంత చేసే ముందు ఆర్‌సీ సంగతి కూడా చూసుకో, సొంత బండికి 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి, నాన్నగారి పేరు మీదే ఉంటే మార్పించుకోవడం సంగతి కూడా అప్పుడే చూసుకో.

క్యాను పెట్టి చూశాక ఏ ఇంజనో, పొద్దున్న ఎలా స్టార్ట్ అయిందో ఇక్కడే రాయి, గాలి కాదని తేలితే పంపు టైమింగ్ ఎలా చూడాలో అప్పుడు చెప్తాను.