ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బోటుది మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజను లోపల తిరిగే నీళ్లను ఉప్పునీటితో చల్లార్చే భాగం) ఉన్న రకం. లోడు పడగానే టెంపరేచర్ ముల్లు 95 దాటుతోంది. ఉప్పునీటి పంపులో ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉంటే కొత్తది వేశాను. అయినా ఎగ్జాస్ట్ వెంట నీళ్లు ఇదివరకటంత జోరుగా రావడం లేదు.

జవాబు: విరిగిన రెక్కల ముక్కలు దొరికాయా? ముందు అది చూడండి. ఎన్ని రెక్కలు ఊడాయో అన్ని ముక్కలూ చేతికొచ్చేదాకా ఆ పని పూర్తి కానట్టే. పంపు తోసిన నీళ్లతో పాటు అవి వెళ్లి హీట్ ఎక్స్ఛేంజర్‌లోని సన్న గొట్టాల మూతుల దగ్గర ఇరుక్కుంటాయి. సగం గొట్టాలు మూసుకుపోతే తక్కువ స్పీడులో ఎలాగో నెట్టుకొస్తుంది, లోడులో వేడెక్కుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

ఇంజను చల్లారాక, బయటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు, అంటే సీకాక్, మూసి, ఎక్స్ఛేంజర్ చివరి మూత విప్పండి. టార్చి వేసి చూస్తే రబ్బరు ముక్కలతో పాటు గవ్వల పెంకులు, అరిగి రాలిన జింక్ పెచ్చులు కూడా కనిపించవచ్చు. గొట్టాలను సన్నటి చెక్క పుల్లతో నెట్టి శుభ్రం చేయండి, ఇనుప చువ్వ వాడొద్దు. జింక్ కడ్డీ (మిగతా లోహాలు తినేయబడకుండా తాను తరిగిపోయేది) సగం తరిగి ఉంటే మార్చేయండి. దాని మరలకు టేపు చుట్టకండి. లోహానికి లోహం తగలకపోతే జింక్ ఉండీ లేనట్టే.

పంపు మూత లోపలివైపు గోటితో గీరి చూడండి. ఇంపెల్లర్ తిరిగి తిరిగి అక్కడ గుండ్రటి గాడి పడుతుంది. గోరు ఆ గాడిలో ఆగిందంటే పంపు నీళ్లు సరిగా లాగదు. రెండు వైపులా చదునుగా ఉండే మూతయితే, కొత్తది దొరికేలోపు తిరగేసి బిగించుకోవచ్చు. గ్యాస్కెట్ మాత్రం అసలు మందంలోదే వేయాలి. కాస్త మందమైనా రెక్కల పక్కన సందు మిగిలి, లాగే శక్తి పడిపోతుంది. ఇంపెల్లర్ ఎక్కించేటప్పుడు గ్లిజరిన్‌ గానీ సబ్బునీళ్లు గానీ రాయండి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. బాగానే కనిపించినా ఏడాదికోసారి మార్చడమే మంచిది. బోటు ఆగి ఉన్నన్నాళ్లూ రెక్కలు ఒకవైపే వంగి, వాటి మొదళ్ల దగ్గర పగుళ్లు పడతాయి.

ఇవన్నీ సరిగా ఉంటే, చివరగా నీళ్లూ పొగా కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో విప్పండి. మసి, ఉప్పు పేరుకుని లోపలి దారి ఇరుకైపోయి ఉండవచ్చు.

ప్రశ్న: డీజిల్ ఫిల్టర్లు మార్చాక ఇంజను స్టార్ట్ కావడం లేదు. చాలాసేపు సెల్ఫ్ కొట్టాను. ఏం చేయాలి?

జవాబు: ముందు సెల్ఫ్ కొట్టడం ఆపి, సీకాక్ మూసేయండి. ఇది చాలా ముఖ్యం. సెల్ఫ్ కొట్టినంతసేపూ ఉప్పునీటి పంపు తిరుగుతూనే ఉంటుంది. ఇంజను అందుకోలేదు కాబట్టి ఆ నీళ్లను బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి, నీళ్లు ఎల్బో మీదుగా వెనక్కి సిలిండర్లలోకి చేరతాయి. సైలెన్సర్ డ్రెయిన్ ప్లగ్ విప్పి నీళ్లు వదిలేయండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ పాలలా తెల్లబడిందేమో చూడండి. నీళ్లు చేరాయని అనుమానం ఉంటే ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్ని చేత్తో తిప్పి నీళ్లు పోయాకే మళ్లీ సెల్ఫ్ జోలికి వెళ్లాలి. నీళ్ల మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఇక అసలు సంగతి, లైనులో ఎయిర్ పట్టింది. ఇంజను మీద ఉన్న ఫిల్టర్ బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) లూజు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు లివర్ కొట్టండి. లివర్ ఉత్తిగా ఆడుతుంటే పంపు క్యామ్ మీద ఆగి ఉందన్నమాట, ఇంజన్ని ఒక చుట్టు తిప్పండి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆపైన తేటగా డీజిల్ వస్తుంది. అది కారుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా ఇదే పని. ఆఖరున ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు వదులు చేసి, స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చిమ్మగానే బిగించి, థ్రాటిల్ తగ్గించండి. ఆ చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు. ఒక్కోసారి 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగితే సెల్ఫ్ మోటారు కాలదు. ఇంజను అందుకున్న మరుక్షణం సీకాక్ తెరవండి.

మళ్లీ మళ్లీ ఎయిర్ పడుతుంటే ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య వెతకండి. అక్కడ లీకుంటే డీజిల్ బయటికి కారకుండా గాలే లోపలికి వెళుతుంది, అందుకే తడి కనిపించదు. పాత రబ్బరు రింగు ఫిల్టర్ తలకే అంటుకుని ఉండగా దానిమీద కొత్తది పడటం, వాడేసిన రాగి వాషర్లనే మళ్లీ బిగించడం తరచుగా జరిగే పొరపాట్లు.

ప్రశ్న: కొన్ని నెలలు బోటు కట్టేస్తాం. ఆయిల్ కట్టేసే ముందు మార్చాలా, మళ్లీ తీసేటప్పుడా?

జవాబు: కట్టేసే ముందే. వాడిన ఆయిల్‌లో మసి, తేమ, ఆమ్లాలు ఉంటాయి. నెలల తరబడి అవి బేరింగులను తింటూ కూర్చుంటాయి. ఇంజను పది నిమిషాలు లోడులో నడిపి, వేడిగా ఉండగానే డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో లాగేయండి. ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, రెండు నిమిషాలు నడిపి లెవెల్ చూడండి. గేర్‌బాక్సు ఆయిల్‌నూ చూడటం మర్చిపోవద్దు.

ప్రశ్న: ఇంజను ముందు భాగమంతా నల్లటి పొడి పడుతోంది. ఎందుకు?

జవాబు: అది బెల్టు పొడి. వేలితో తుడిస్తే జిడ్డు లేకుండా పొడిగానే ఉంటుంది. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. అంతకన్నా దిగితే జారుతోందన్నమాట, బిగించండి. బిగువు సరిగానే ఉంటే పుల్లీల మీద స్కేలు ఆనించి వరస చూడండి. గాడుల్లో తుప్పు ఉంటే సన్న ఎమెరీ కాగితంతో రుద్ది తీశాకే కొత్త బెల్టు వేయండి. లేకపోతే అది కూడా పొడే అవుతుంది.